బీరువాలో పాఠాలు, బొలేరోలో పిల్లలు

కడపలో డిగ్రీ ముగించి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న నాకు, ఎమ్మిగనూరు దగ్గరి పల్లెలో టీచరుగా ఉన్న స్నేహితురాలు షాహిన్ ఫోన్ చేసింది. "మా ఎనిమిదో తరగతికి ట్యాబులొచ్చినాయి, వచ్చి చూడు." బయట స్థిరపడిన ఆ ఊరివాళ్లు చందాలేసి కొనిచ్చారట. తెల్లవారుజామున బస్సెక్కితే నంద్యాల మీదుగా కర్నూలుకు ఐదు గంటలు, టికెట్టు మూడు వందల పైన. అక్కడినుంచి కోడుమూరు మీదుగా ఎమ్మిగనూరు రెండు గంటలు. చివర షేర్ ఆటో, ముప్పై రూపాయలు.

"అందరూ మంత్రాలయం పోతారు. నువ్వు బడి జూసేకి వచ్చినావా?" అని ఆటో ఈరన్న నవ్వాడు. "జూడుపో, పిల్లోళ్లుంటే గదా! అంతా సుగ్గికి పోతాండారు." సుగ్గి అంటే మిరపకోతల వలస. జనవరిలో ఇంటికి తాళమేసి గుంటూరు వైపు పోతే ఉగాదికి గానీ తిరిగి రారు.

బడి ముందు కూలీలను తీసుకుపోయే బొలేరో నిలబడి ఉంది. లోపల హెడ్మాస్టరు వలస వెళ్లే పిల్లల దగ్గర ట్యాబులు వెనక్కి తీసుకుని ఇనుప బీరువాలో పెడుతున్నారు. నాకు ఒళ్లు మండింది. ఉండిపోయే పిల్లలకు ఎదురుగా షాహిన్ ఉంది, వెళ్లేవాళ్లకే కదా అవి కావాలి! అదే అడిగాను. "ఆర్డరేం లేదమ్మా, నా జాగ్రత్త. చేలల్లో పోతే పూచీ ఎవరిది?" అన్నారాయన.

బండెక్కడానికి మూటతో నిలబడ్డ ఒక తల్లి, నరసమ్మ, అందుకుంది. "పిల్ల పోయినా పర్వాలేదు, పలక పోగూడదు. అంతేనా సార్?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, మనసూ మార్చుకోలేదు. నరసమ్మ కూతురు నాగవేణి మాత్రం ట్యాబు వదల్లేదు. పోయినేడు సుగ్గి నుంచి వచ్చేసరికి లెక్కల్లో అందుకోలేనంత వెనకబడిన పిల్ల. "మేడం, పాఠాలన్నా మాయమ్మ ఫోన్లోకి ఎక్కించండి" అని షాహిన్‌ను బతిమాలింది. ఆ ఫోన్లో చోటు లేదు. నా ఫోన్లోని మెమరీ కార్డు తీసిచ్చాను. గణితం సగం ఎక్కిందో లేదో బయట హారన్ మోగింది. "ఇంగ రాండమ్మో, పొద్దు పోతాండాది!" అని డ్రైవరు అరిచాడు. ట్యాబు బీరువాలోకి పోయింది. సగం గణితంతోనే నాగవేణి బండెక్కింది.

రేపటి బడిలో ఎవరి వేగంలో వాళ్లు, ఎక్కడుంటే అక్కడే నేర్చుకుంటారని కాలేజీ సెమినార్లలో విన్నాను. ఇప్పటికీ నమ్ముతున్నాను, అందుకే ఇంత కోపం. పిల్లను నమ్మని పెద్దవాళ్ల చేతికి ఎంత గొప్ప యంత్రం వచ్చినా ముందు దానికి తాళం కప్పే వెతుకుతారు. ఉగాదికి నాగవేణి వచ్చేసరికి మిగతా సగాన్ని క్లాసు దాటేసి ఉంటుంది. అప్పుడు ఆ పిల్లకు చదువు అబ్బలేదంటారు.

ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: నాలా మధ్యాహ్నం చేరకండి. ముందురోజే ఎమ్మిగనూరులో దిగి, ఖాళీ మెమరీ కార్డులతో పొద్దున్నే బడికి వెళ్లండి. పాఠాలు ఎక్కేదాకా బొలేరో ఆగదు.