తొలి గ్లాసు పానకం

మా చిన్నప్పుడు... శ్రీరామనవమి పొద్దున మమ్మల్ని లేపేది మైకులో పాటలు కాదు, పెరట్లో కత్తి చప్పుడు. టక్... టక్... మా మావ బొండాలు కొడుతున్నాడన్నమాట.

మావ అంటే మా అమ్మ తమ్ముడు. సోంపేట దగ్గర ఆయనకు కొబ్బరితోట ఉంది. నవమి పందిట్లో ఊరందరికీ పానకం కలిపేది ఆయనే. అన్ని ఊళ్ళలో పానకం నీళ్ళతో చేస్తారు. మా ఊళ్ళో కొబ్బరినీళ్ళతో. ఎందుకో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు... కాయలు ఎక్కువై కావచ్చు. అడిగితే మావ ఒకటే మాట అనేవాడు.

"రాముడు మనూరొత్తే నూతినీళ్ళు పోసి పంపేత్తామేటే?"

పెద్ద గుండిగ చుట్టూ పిల్లలం చేరేవాళ్ళం. బెల్లం చితక్కొట్టడం మా పని. అందులో ఎంత గుండిగలో పడేదో, ఎంత మా నోట్లో పడేదో... శొంఠి, మిరియాలు అత్త రోట్లో దంచేది. పాత పంచె ముక్కతో వడకట్టి, కొత్త కుండల్లో పోసి, తడిగుడ్డలు చుట్టేవారు. దేవుడికి పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు, కలిపిన మావ కూడా. నైవేద్యం అయ్యాక మాత్రం తొలి గ్లాసు ఆయనదే. అది మా ఊరి పద్ధతి. ఆ గ్లాసు ఒలకకుండా మోసుకెళ్ళే పని నాది.

మావ గటగటా తాగేసి కళ్ళు మూసుకునేవాడు. పందిరంతా ఆయన మొహంలోకే చూసేది.

"మిరియం నోట్లో తగలకూడదే కోడలా... గొంతు దిగినాక తగలాల. ఎనకనుంచొచ్చి ఈపు మీద సరిసినట్టు!"

"తగిలిందేటి మావా?"

"తగిలింది. పొయ్యండర్రా అందరికీ!"

ఇప్పుడు మావకు కిడ్నీలు పనిచేయడం లేదు.

ఊరూరా ఈ జబ్బే ఉన్న మా ఉద్దానం వాళ్ళకు ఈ మాట వివరించక్కర్లేదు... పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వస్తాడు. రోజంతటికీ తాగాల్సిన నీళ్ళు అత్త పొద్దున్నే ఒక సీసాలో పోసి పెడుతుంది. టీ తాగినా, చారు పోసుకున్నా, ఆ సీసాలోంచి అంత తగ్గించేస్తుంది. కొబ్బరినీళ్ళయితే చుక్క కూడా వద్దన్నారు. ఈ జబ్బులో అవి గుండెకు ప్రమాదమట. తోట నిండా గెలలు వేలాడుతున్న మనిషికి...

ఎందుకొచ్చిందో ఎవరూ తేల్చి చెప్పరు. నీళ్ళంటారు, పురుగుమందులంటారు, ఎండంటారు. యూనివర్సిటీలో చదువుకున్నదాన్ని కదా, దొరికిందల్లా చదివాను. చదివినకొద్దీ తెలియనిదే ఎక్కువైంది. ఆ నూతినీళ్ళే కదా మేమూ తాగి పెరిగింది... అనుకుంటూ ఒక్కోసారి నా నడుం నేనే తడుముకుంటాను.

మొన్న నవమికి ఊరు వెళ్తే పానకం పని నాకు అప్పగించారు. నాకో ఆలోచన వచ్చింది. ఈసారి క్యాన్ నీళ్ళతో కలిపితే? తొలి గ్లాసులోంచి మావ ఒక్క గుక్కైనా తాగొచ్చు కదా... డాక్టరుగారికి ఫోన్ చేశాను. బెల్లం కూడా అంత మంచిది కాదు, సరే, పండగ కాబట్టి ఒక్క గుక్క, అదీ ఆ రోజు నీళ్ళలో లెక్కే అన్నారు. ఆ ఒక్క గుక్కకే నాకూ అత్తకూ ప్రాణం లేచొచ్చింది.

మావ పందిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను బెల్లం కలుపుతున్నాను.

"ఏటే కోడలా, పొద్దున్నుంచి కత్తి సప్పుడు ఇనపళ్ళేదు? బొండాలేవే?"

"ఈసారికి నీళ్ళతో మావా... నువ్వూ తాగొచ్చని."

గుండిగలోకి తొంగి చూశాడు.

"నా ఒక్కడి కోసరం ఊరందరికీ నీళ్ళు పోత్తావేటి?"

"ఒక్క గుక్కే మావా. డాక్టరుగారు ఒప్పుకున్నారు."

"డాక్టరు ఒప్పుకున్నాడు సరే. నానొప్పుకోవాల గదా!"

అత్త కల్పించుకుంది. "ఆ పిల్ల ఆశపడి సేసింది. మొండికెయ్యకు."

"నువ్వుండే. మావోడికి ఒంట్లో బాగులేదు, ఈ ఏడు నీళ్ళతో సరిపెట్టుకో సామీ అని రాముడికి నువ్వు సెప్తావేటి?"

పందిట్లో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది... ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. ఇంకాస్త బతిమాలాల్సిందా? ఆయన మాట నెగ్గనివ్వడమే మర్యాదా? ఈ రోజుకీ తేలలేదు నాకు. నేను కలిపిన గుండిగ పక్కకు పోయింది. ఎవరో చెట్టెక్కారు. పెరట్లో మళ్ళీ టక్... టక్... మావ కళ్ళు మూసుకుని విన్నాడు.

కొబ్బరినీళ్ళతో మళ్ళీ కలిపాక నైవేద్యం అయింది. పాత అలవాటే, తొలి గ్లాసు నా చేతికే ఇచ్చారు. తీసుకెళ్ళకపోతే ఆయన చిన్నబుచ్చుకుంటాడు. తీసుకెళ్తే... తీసుకెళ్ళాను. మావ రెండు చేతులా అందుకున్నాడు. పెదాల దాకా వెళ్ళింది గ్లాసు. అత్త చెయ్యి సగం లేచి ఆగిపోయింది.

గ్లాసు అక్కడే ఆగింది. వాసన చూశాడు. తిరిగి నాకే ఇచ్చాడు.

"నువ్వు తాగు. మెల్లగా తాగు. నాను సూత్తాను."

తాగాను. ఆయన నా గొంతుకేసే చూస్తున్నాడు. నేను మింగినప్పుడల్లా ఆయన గొంతు కూడా కదిలింది.

"తగిలిందేటే?"

గొంతు మండుతోంది. అది మిరియమో, ఇంకోటో... నాకు నిజంగా తెలియలేదు.

"తగిలింది మావా."

"అయితే పొయ్యండర్రా అందరికీ!"

అప్పట్లో నవమి అంటే ఎవరెన్ని గ్లాసులు తాగారన్న పందెం. ఇప్పుడు మా పందిట్లో గ్లాసు చేతికిచ్చే ముందు, మొహమాటపడుతూ, "నువ్వు తాగొచ్చా?" అని అడుగుతున్నారు. మొన్న ఎన్ని తలలు అడ్డంగా ఊగాయో...

మీ ఊళ్ళో తొలి గ్లాసు ఎవరిది? వాళ్ళింకా తాగగలుగుతున్నారా? తాగగలుగుతూ ఉంటే... వాళ్ళు తాగేటప్పుడు మొహం ఎలా ఉంటుందో, కాస్త ఇక్కడ రాయండి. మావకు చదివి వినిపిస్తాను.