పెదవులు కదిపితే చాలు

ఆంబ్రోస్ థర్కెటిల్ ఆల్డ్‌మిన్‌స్టర్ కథీడ్రల్ గాయకుల్లో చేరి ఆ ఏటికి ముప్పై ఒక్క సంవత్సరాలు. పగలంతా కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. అయిదు కొట్టగానే చేతులు కడుక్కుని, కథీడ్రల్ ఉన్న గుట్ట ఎక్కి, నల్ల అంగీ మీద తెల్ల అంగీ తొడుక్కుని సాయంకాల ప్రార్థనకు తన చోట నిలబడేవాడు. అతనిది ఆల్టో గొంతు. మగవాడు మామూలుగా మాట్లాడే గొంతును పక్కన పెట్టి ఆడవాళ్ల స్థాయికి ఎక్కి పాడే పాట అది. కొత్తగా విన్నవాళ్లు మొదట నవ్వేవాళ్లు. రెండో కీర్తనకి నవ్వడం మానేసేవాళ్లు. చలికాలంలో వినడానికి ఏడెనిమిది మందికి మించి ఉండేవారు కాదు. అందులోనూ ఇద్దరు ముగ్గురు చలికి లోపలికొచ్చి కూర్చున్నవాళ్లే. అందుకు అతనికి ఏ చింతా లేదు. పాట వాళ్ల కోసమని అతను ఏనాడూ అనుకోలేదు.

రాణిగారు సింహాసనం ఎక్కి పాతికేళ్లు నిండాయి. అందుకని జరిపే కృతజ్ఞతా ఆరాధనల్లో పెద్దదొకటి ఆల్డ్‌మిన్‌స్టర్ వంతుకి వచ్చింది. రాణిగారి తరఫున రాజకుటుంబపు డచెస్ ఒకావిడ వస్తుందనీ, టీవీవాళ్లు నేరుగా చూపిస్తారనీ తెలిసేసరికి ఊరికి పూనకం వచ్చినట్టయింది. వాన కురిస్తే తప్ప గుడి గడప తొక్కనివాళ్లు ముందు వరుస కుర్చీల కోసం కథీడ్రల్ పెద్ద గురువు డీన్ గారి ఇంటి గుమ్మం అరగదీశారు.

ఆరాధనకు పది రోజుల ముందు సంగీతాధికారి డాక్టర్ పెన్రోజ్ ఆంబ్రోస్‌ని పక్కకు పిలిచాడు. పెన్రోజ్‌కి ముప్పై నాలుగేళ్లు. వచ్చి రెండేళ్లయింది.

"కూర్చోండి, మిస్టర్ థర్కెటిల్."

"పర్లేదండీ, నిలబడటం అలవాటేగా."

"టీవీ మైకుల సంగతి మీకు తెలుసు కదా, దేన్నీ వదలవు. పై స్వరాల దగ్గర మీ గొంతు ఈమధ్య కాస్త... వణుకుతోంది. లండన్ నుంచి ఆరుగుర్ని పిలిపిస్తున్నాను. మీ వరుసలోకి ఇద్దరు."

"అయితే ఆ రోజు నన్ను రావద్దంటారు."

"అయ్యో, అంత మాటా! మీరు లేకపోతే ఎలా? మీ తెల్లజుట్టు, మీ ముఖం కెమెరాకి అద్భుతంగా ఉంటాయని టీవీ డైరెక్టరే అన్నారు. మీరు మీ చోటే నిలబడండి. పెదవులు కదిపితే చాలు."

జిడ్డు పేరుకున్న చల్లటి అంట్లనీళ్లలో చెయ్యి పెట్టినట్టు ఆంబ్రోస్‌కి ఒళ్లంతా ముడుచుకుపోయింది. అయినా అతను అన్నది ఒకటే మాట. "సరేనండీ."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తలుచుకున్నప్పుడల్లా తర్వాత చాలాకాలం తనను తానే తిట్టుకునేవాడు.

బయట మెట్ల దగ్గర, లోపలి మాటలు వినబడేంత దూరంలో, గాడ్‌ఫ్రీ ఎదురుచూస్తున్నాడు. తపాలా మనిషి, కింది స్థాయిలో పాడేవాడు, పాతికేళ్ల స్నేహితుడు.

"ఏంటయ్యా, నిన్ను బట్టల షాపు అద్దాల్లో బొమ్మని చేశారంటగా?"

"నవ్వు, నువ్వూ నవ్వు."

"నవ్వట్లేదయ్యా. నేనైతే కీర్తనల పుస్తకం ఆయన నెత్తిన పడేసి వచ్చేవాణ్ణి."

"నువ్వేం పడేయవు గాడ్‌ఫ్రీ. నువ్వూ సరే అనేవాడివే."

"అవును," అన్నాడు గాడ్‌ఫ్రీ, "అనేవాణ్ణే."

ఆ రోజు రానే వచ్చింది. లండన్ గాయకులు పదిగంటలకు దిగి, అంగీలు మార్చుకునే గదిలో సిగరెట్లు కాల్చి, పీకల్ని పూలకుండీలో గుచ్చారు. ఆంబ్రోస్ పక్కన నిలబడాల్సిన కుర్రాడి పేరు రూపర్ట్. చల్లగా నవ్వి, "మీరేనా పాడని గాయకుడు?" అన్నాడు. కీర్తనల పుస్తకం మధ్యలో గుర్రప్పందాల కాగితం మడిచి పెట్టుకున్నాడు.

కథీడ్రల్ నిండిపోయింది. కలరా ఉండల వాసన, ఖరీదైన సెంటు, టీవీ దీపాల వేడికి పట్టిన చెమట అన్నీ కలిసి గాయకుల వరుసల దాకా కొట్టాయి. ఎదురుగా ఇద్దరు పెద్దమనుషులు ఒక కుర్చీ కోసం పళ్లు బిగించి గొణుక్కుంటున్నారు. పతకాలు వేసుకున్న కర్నల్ ఒకడు ఆరాధన క్రమం అచ్చేసిన కాగితంతోనే ముక్కు తుడుచుకుని, దాన్ని మళ్లీ నీటుగా మడిచాడు. మేయర్ గారి భార్య కీర్తన సాగుతున్నంతసేపూ పక్కావిడకి ఎవరి టోపీ ఎక్కడ కొన్నారో చెబుతూనే ఉంది. కెమెరా మీద ఎర్రదీపం తమవైపు తిరిగినప్పుడు మాత్రం ఆ ముఖాలన్నీ ఒక్కసారిగా భక్తితో కరిగిపోయేవి. దీపం ఆరగానే మళ్లీ టోపీలు.

ఆర్గన్ లేచింది. బాకాలు మోగాయి. స్తోత్రగీతం మొదలైంది. ఆంబ్రోస్‌కి అందులో ప్రతి ఊపిరీ కంఠతా వచ్చు. అలవాటుకొద్దీ రొమ్ము నిండా గాలి పీల్చుకుని, పాడాల్సిన చోట దాన్ని దొంగసొమ్ములా మింగేశాడు. పెదవులు కదిపాడు. పక్కన రూపర్ట్ పాడుతున్నాడు. అద్భుతంగా పాడుతున్నాడు, అదే ఆంబ్రోస్ భరించలేకపోయాడు. ఒక్క స్వరం తప్పలేదు, ఒక్క మాట మీద మనసు లేదు. పాటలో రెండు పాదాల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా వాడి కళ్లు గుర్రాల పేర్ల మీదికి వెళ్లొచ్చేవి.

కెమెరా నెమ్మదిగా ఆంబ్రోస్ ముందుకొచ్చి ఆగింది. ఎర్రదీపం వెలిగింది. అప్పుడు అతను చేసిన పని ఎవరూ చెప్పి చేయించింది కాదు. కనుబొమలు పైకెత్తాడు. కళ్లు పైకప్పు వైపు తిప్పాడు. నోరు గుండ్రంగా, నిండుగా తెరిచాడు. కర్నల్ కన్నా, మేయర్ భార్య కన్నా తానే బాగా నటిస్తున్నాడని తెలిసి, ఆ అంగీ లోపల ఉన్న మనిషంటే అతనికి ఏవగింపు పుట్టింది.

తర్వాత పక్క మందిరంలో షెర్రీ అనే ద్రాక్షసారాతో విందు. గాయకుల్ని గోడవార వరుసగా నిలబెట్టారు. డచెస్ తొడుగు వేసిన చెయ్యి ఒక్కొక్కరికీ అందిస్తూ వచ్చింది. వెనకే డీన్, ఆయన వెనక పెన్రోజ్.

"మీరు దేవదూతలా పాడారు," అంది ఆంబ్రోస్‌తో. "నా కళ్లలో నీళ్లు తిరిగాయి."

ఆవిడ కళ్లు పొడిగానే ఉన్నాయి. ఆంబ్రోస్ గొంతు సవరించుకున్నాడు.

"నేను పాడలేదండీ, అమ్మగారూ. పాడొద్దన్నారు. నోరు మాత్రం కదిపాను. మీరు విన్నది ఈయన గొంతు, ఈయన చూపు గుర్రప్పందాల మీద ఉంది."

రూపర్ట్ గ్లాసు చేతిలోనే ఆగిపోయింది. పెన్రోజ్ ముఖం తెల్లబడింది. డీన్ చిరునవ్వు మాత్రం అతికించినట్టు అలాగే ఉండిపోయింది.

"అలాగా! భలే సంగతే," అంది డచెస్, అదే నవ్వుతో. "మీరు చాలా దూరం నుంచి వచ్చారా?"

"వంతెన వీధి నుంచండీ. నడిచే వచ్చాను."

"ఎంత బావుంది!" అని పక్కాయనకి చెయ్యి అందించింది.

ఇంటికి వెళ్లేసరికి భార్య మ్యూరియల్ టీ కెటిల్ పొయ్యి మీద పెట్టి కుర్చీలో కూర్చుని ఉంది. పక్కింట్లో రంగుల టీవీలో చూసొచ్చిందట.

"వీధంతా చప్పట్లు కొట్టారు ఆంబ్రోస్. నీ ముఖం ఎంతసేపు చూపించారనుకున్నావ్! ఆ మిసెస్ బాగ్‌షా అయితే ఏడ్చేసింది."

"నువ్వు?"

"నేనెందుకు ఏడుస్తాను? అది నీ గొంతు కాదుగా." కెటిల్ దించి అతని వైపు తిరిగింది. "ముప్పై ఏళ్లు స్నానాల గదిలోంచి విన్నదాన్ని, నాకు తెలీదా? ఎవడి గొంతుకి నోరాడించావ్?"

చెప్పాడు. అంతా చెప్పాడు. ఆవిడ టీ పోసి అతని ముందు పెట్టి, "సరే అని ఎందుకన్నావ్?" అని మాత్రం అడిగింది.

మర్నాడు డీన్ కబురు పంపి పిలిపించాడు. "డచెస్ గారిని ఇబ్బంది పెట్టినందుకు క్షమాపణ ఉత్తరం ఒకటి రాసివ్వండి, మిస్టర్ థర్కెటిల్. ఇక్కడితో మర్చిపోదాం."

"ఆవిడ ఇబ్బంది పడలేదండీ. ఆవిడ వినను కూడా లేదు."

"వాదన వద్దు. ముప్పై ఏళ్ల సేవ మీది."

"అందుకే రాయను," అన్నాడు ఆంబ్రోస్. అంగీలు రెండూ ఉతికించి, ఇస్త్రీ చేయించి, వారం లోపల తిరిగి ఇచ్చేశాడు. వీడ్కోలు సభ జరగలేదు. గాడ్‌ఫ్రీ ఒక్కడే గుట్ట కింది దాకా వచ్చి, చెయ్యి నొక్కి వెళ్లాడు.

శరదృతువులో ఆ ఆరాధన జ్ఞాపిక పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆంబ్రోస్ ముఖమే. కళ్లు పైకెత్తి, నోరు తెరిచి. కళ్లజోళ్ల కోసం వచ్చినవాళ్లు అది పట్టుకొచ్చి సంతకం అడిగేవాళ్లు. "ఇందులో నేను పాడట్లేదండీ," అని మొదట్లో అందరికీ చెప్పాడు. "ఎంత వినయమండీ మీది!" అని వాళ్లు నవ్వేవాళ్లు. క్రిస్మస్ నాటికి చెప్పడం మానేశాడు. సంతకం మాత్రం ఏ ఒక్కరికీ పెట్టలేదు.

ఆదివారాలు రైలు కట్ట అవతల మెథడిస్టులనే వేరే క్రైస్తవ శాఖవాళ్ల రేకుల ప్రార్థనా మందిరానికి వెళ్లసాగాడు. అక్కడి పాట ఘోరం. హార్మోనియంలో రెండు మెట్లు పలకవు. పక్కన నిలబడే పంది మాంసం కొట్టాయన శ్రుతికి ఒక జానెడు కింద గొంతు చించుకుంటాడు. ఆంబ్రోస్ కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు నూరుకుని, తన వణికే గొంతుతో పై స్వరం అందుకుంటాడు. ఇంటికొచ్చి మ్యూరియల్‌తో ప్రతివారం అదే అంటాడు: "వినలేక చచ్చానే." మళ్లీ ఆదివారం టోపీ పెట్టుకుని వెళ్తాడు.