ఫ్లవర్ కింద పిన్నిగారు

కాఫీ అడక్కుండానే ఇచ్చే ఒక ఇల్లాలిని నేను చేజేతులా చంపేసి, మట్టిలో పాతిపెట్టించి, ఆ నేరం ఆవిడ భర్త మీదకు తోసేశాను. ఇదంతా ఒక్క ఇంగ్లీషు ముక్క అర్థం కాక. నేను ఇంగ్లీషు టీచర్నన్న సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది.

తొంభైల్లో మాట. కడియంలో ఓ స్కూల్లో కొత్తగా చేరి, జగన్నాథరావు మాస్టారింట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. ఆయన రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు. ఆయన భార్య మహలక్ష్మిగారిని నేను పిన్నిగారనేదాన్ని. ఇంటికి మూడువైపులా పూలమొక్కల నర్సరీలే. ముసురు పట్టిందంటే తడిమట్టి, తడిపూల వాసనలు కలిసి లోపలికొచ్చేవి. ఎవరో పోయిన ఇంట్లో ఉంటుందే, అచ్చం ఆ వాసన.

మాస్టారికి ఇంగ్లండు పత్రికల్లో వచ్చే క్రాస్‌వర్డ్ పజిళ్ల పిచ్చి. పజిలంటే నాకు తెలిసింది మన వారపత్రికల్లోదే: అడ్డం ఒకటి, తండ్రి, రెండక్షరాలు. నాన్న. అయిపోయింది. ఇంగ్లండు వాళ్లవి అలా కాదట, పైకి ఒకటి చెప్పి లోపల ఇంకోటి అడుగుతాయట. ఆ సంగతి నాకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

అక్టోబరులో వాయుగుండం పట్టిన వారం. సోమవారం నుంచి పిన్నిగారు కనబడలేదు. బుధవారం ఉండబట్టలేక అడిగాను.

“పిన్నిగారేరండీ?”

మాస్టారు పెన్సిలు ఆపి కిటికీలోంచి పెరట్లోకి చూశారు. “అడక్కమ్మా. ఎవరికీ చెప్పొద్దంది.”

“ఎప్పుడొస్తారండీ?”

“వచ్చినా మునుపటి మనిషిలా ఉండదులే,” అని చిన్నగా నవ్వారు. నా వీపు మీద ఎవరో తడిచెయ్యి వేసినట్టయింది.

గురువారం వానకి స్కూలు మూసేశారు. కరెంటు లేదు. మధ్యాహ్నమే ఇల్లంతా మసకచీకటి. గోడవతల నుంచి మాస్టారి గొంతు, నింపాదిగా, “తల తీసెయ్యాలి... ఊఁహూఁ, ఒక్కసారికి తెగలేదు. ఇంకోసారి... ఆఁ! వచ్చేసింది!” అంటోంది. తర్వాత కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఆయన గొడుగేసుకుని బయటికెళ్లగానే వాళ్ల గదిలోకి వెళ్లాను. బల్ల మీద కాయితం. ఆయన గుండ్రటి అక్షరాలే. ‘స్పౌజ్ బిహెడెడ్ ట్వైస్: ఎ ఫ్లవర్.’ భార్య తల రెండుసార్లు నరికితే పువ్వు! పక్కనే, పని పూర్తయినట్టు టిక్కు.

కిటికీలోంచి చూస్తే పెరట్లో కొత్తగా కట్టిన మడి. మొక్క లేదు, మొలక లేదు. పొడుగు చూస్తే అచ్చం పిన్నిగారంత ఉంది.

పక్క నర్సరీలో పనిచేసే సత్తిబాబుగారిని కేకేశాను. “ఈ మడి ఎవరు తవ్వారండీ?”

“మాస్టారేనండి, ఆదివారం. నేను చేస్తానంటే ఒప్పుకోలేదండి. మా ఆవిడ పని, నేనే చక్కబెట్టుకోవాలన్నారండి.”

ఇంకేం కావాలి చెప్పండి! “తవ్వండి!” అని అరిచాను.

ఆయన బెదిరిపోయి పార అందుకున్నారు. నాలుగు వేట్లు పడ్డాయో లేదో మట్టిలోంచి వేళ్లు బయటికొచ్చాయి. లావుగా, పాలిపోయి, ఐదూ ఒకదాన్నొకటి పట్టుకుని. నేను పెట్టిన కేకకి నర్సరీల్లో కూలివాళ్లంతా కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

“ఏళ్లు కాదండీ, డేలియా దుంపలండి,” అన్నారు సత్తిబాబుగారు. “ముక్కలైపోయాయండి పాపం.”

అప్పుడే నా వెనక నుంచి, “ఏంటమ్మా ఇదీ?” అని వినబడింది.

తిరిగి చూశాను. వానలో పిన్నిగారు. పసుపుపచ్చటి మొహం, నుదుటిదాకా లాక్కున్న కొంగు. “తల ఉంది!” అని గావుకేక పెట్టాను. “పిన్నిగారికి తల ఉంది!” వెనక్కి అడుగేసి మడిలో కూలబడ్డాను. నన్ను లేపబోయి ఆవిడ వంగారు. కొంగు జారింది. నున్నటి గుండు, దాని మీద గంధం. కంచె అవతల కూలివాళ్లు కిసుక్కుమన్నారు. ఆవిడ గబగబా కొంగు కప్పుకున్నారుగానీ, కళ్లలో నీళ్లు నాకు కనబడ్డాయి.

బస్టాండు నుంచి ఆవిణ్ణి తీసుకొచ్చిన మాస్టారు అంతా విని నెత్తి కొట్టుకున్నారు. “స్పౌజ్ స్పెల్లింగులో ముందున్న రెండక్షరాలు తీసెయ్యి. మిగిలేది ఊజ్. ఇంగ్లండులో ఒక నది పేరమ్మా అది.”

“మరి ఫ్లవరో?”

“ఫ్లో అయ్యేది, అంటే పారేది, ఫ్లో-అర్. స్పెల్లింగు మాత్రం పువ్వుదే. వాళ్ల పజిళ్లలో నదిని అలాగే అంటారు.”

“అయితే మన గోదారీ ఫ్లవరేనాండీ?”

“ముమ్మాటికీ.”

పిన్నిగారు దుంపల ముక్కలు ఏరుతూ నా వైపు చూశారు. “తిరుపతిలో మొక్కు తీర్చుకొచ్చానే. జుట్టు మొలిచేదాకా గుట్టుగా ఉండాలనుకున్నాను. నేను జుట్టిస్తే నువ్వు ఏకంగా తలే తీసేశావు!” అని, ఏడవలేక పకపకా నవ్వేశారు.

ఆ బురదలో కూర్చునే శపథం చేశాను. ఇకమీదట ఎవరి భార్య కనబడకపోయినా ముందు నిఘంటువు చూస్తాను, తర్వాత బస్టాండు చూస్తాను. రెండుచోట్లా దొరక్కపోతేనే పార పట్టిస్తాను.