టేకల్ వంతెన కింద వెదురు కర్ర

గనులు ప్రభుత్వపరమైన కొత్తలో, కోలారు బంగారు గనిలోకి మనుషులను దించే యంత్రానికి ఇనుప తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్మును లారీలో అక్కడికి చేర్చడం ఇంజినీరుగా నా మొదటి పని. టేకల్ దగ్గర రైలు వంతెన వచ్చింది. బోర్డు మీది ఎత్తు కంటే మా సరుకు నాలుగంగుళాలు తక్కువే. మూడుసార్లు కొలిచాను కూడా.

అక్కడ ఆవును మేపుతున్న ముసలాయన లారీని ఆపాడు. ఒకప్పుడు గనిలో పనిచేసినవాడట.

"బోర్డు పెట్టినాక రోడ్డు మింద రెండుసార్లు తారు పోసినారప్పా."

సరుకు ఎత్తుకు సరిగ్గా వెదురు కర్ర కోయించి, నిలువుగా పట్టుకొని వంతెన కిందికి నడిచాడు. కొన టక్కుమని దూలానికి తగిలింది.

"గనిలో పెద్ద సామాను దించేముందు మేము కట్టెనే పంపిస్తాము. కట్టె విరిగితే పోతాది. ఈ డ్రమ్ము విరిగితే గనిలో కిందోళ్ల గతేంది?"

టైర్లలో గాలి తగ్గించి, మళ్లీ కొలిచి, కర్రను ఆ మేరకు కోశాం. ఈసారి ఆయన దాన్ని నా చేతికిచ్చాడు.

"నేనా?"

"కొలిచినోడే పట్టుకోవల్ల. ఇంగ నడువప్పా ఇంజినీరూ, లారీ నీ ఎనకాలే వస్తాది."

ఒక్కో దూలాన్నీ చూస్తూ నడిచాను. కొనకూ దూలానికీ మధ్య రెండు వేళ్ల సందు. వెనక ఇంజను మోత వినిపిస్తున్నా తల తిప్పలేదు. అవతల ఎండలోకి వచ్చాకే వెనక్కి చూశాను. డ్రమ్ము కూడా గీత పడకుండా బయటికొస్తోంది.