మా అక్క పరుగు, మా అత్త జబ్బు

ముందే ఒప్పుకుంటున్నాను, నా నోట్లో పడితే పిల్లి పులి అవుతుంది, చినుకు వరద అవుతుంది. మా ఇంట్లోవాళ్లు నా మాటను సగానికి కోసి, ఆ సగాన్నీ జల్లెడ పట్టి తీసుకుంటారు, మీరూ అదే చేయండి. మొన్న పొద్దున మీర్‌పేట్‌లో మా అక్క కూతురు బూట్ల లేసులు కట్టుకుంటూ, పెద్ద పందేనికి తయారయ్యేవాళ్లు రోజుకో దారిలో పరుగెత్తాలని, లేకపోతే కాళ్లు ఒకేదానికి అలవాటుపడి మొద్దుబారతాయని నాకు పాఠం చెప్పింది. నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల తల్లి కూడా ఒకప్పుడు ఇబ్రహీంపట్నంలో రోజుకో దారిలోనే పరుగెత్తింది. అయితే అది కాళ్ల కోసం కాదు, ఊరి నోళ్లకు దొరకకుండా ఉండడం కోసం.

అక్కది అప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం, సంబంధాలు చూడటం మొదలైంది. పట్నంలో జరిగే ఇరవై ఒక్క కిలోమీటర్ల పందెం ఒక్కటి పూర్తిచేయనిస్తే చాలు, ఆ తర్వాత మీరు చెప్పినట్టే వింటానని బాపును బతిమాలింది.

"ఉర్కితే ఉర్కు. గని నీ బిడ్డ ఎందుకుర్కుతున్నదని ఒక్కరన్న ఇంటికొచ్చి నన్ను అడిగిన్రంటే గా రోజే బంద్" అన్నాడు బాపు.

తోడుగా సైకిల్ మీద నన్ను పంపాడు. ఒకే మనిషి కంట రెండోసారి పడకూడదని ఒకరోజు చెరువు కట్ట మీద, ఒకరోజు మన్నెగూడ వైపు, ఇంకోరోజు జొన్నచేల మధ్య బండ్లబాటలో వెళ్లేవాళ్లం. ఆ దారుల్లో కుక్కలు దూడలంత ఉండేవి; అక్క చెమటకు చెరువు నిండి మత్తడి దూకుతోందని చేపలు పట్టేవాళ్లు సంబరపడేవారు.

దారులన్నీ అయిపోయి ఒకనాడు కొంగరకలాన్ వైపు తిరిగాం. అక్కడ మా మేనత్త, అంటే బాపుకు అక్క, వాకిట్లో కందులు చెరుగుతోంది. ఆ రోజుల్లో పెళ్లీడు పిల్ల రోడ్డు మీద పరుగెత్తుకుంటూ చుట్టాలింటి వైపు వచ్చిందంటే మా ఊళ్లల్లో ఒకటే అర్థం, ఎవరో పోయారని. రొప్పుతూ వస్తున్న అక్కనూ వెనక నన్నూ చూడగానే అత్త చేట విసిరేసి, "నన్నిడిసి పోతివా తమ్మీ!" అని శోకం అందుకుంది. వాడకట్టంతా పోగైంది, ఆ శోకానికి మన్నెగూడ చౌరస్తాలో బస్సులు ఆగిపోయాయి.

"బాపు మంచిగనే ఉన్నడత్తా, నేను పందేనికి ఉర్కుతున్న" అని అక్క ఎంత చెప్పినా వినదే! తమ్ముణ్ని కళ్లారా చూస్తేగానీ మంచినీళ్లు ముట్టనని బస్సెక్కింది.

ఇంట్లో బాపు తీరిగ్గా సద్ది తింటున్నాడు. అత్త ఆయన వీపు మీద రెండు చరిచి, మెడ పట్టుకుని ఏడ్చి, సంగతంతా చెప్పింది. బాపు కంచం పక్కకు జరిపాడు.

"ఒక్కరొచ్చి అడిగినా బంద్ అని ముందే చెప్పిన. ఇగ బంద్."

అక్క గోడ వైపు తిరిగి బూట్లు విప్పసాగింది.

"ఏం బంద్‌రా? బతికున్నోనికి శోకం పెట్టిన. గా ఏడుపంత ఉత్తగ పోవాల్నా?" అని అత్త విరుచుకుపడింది. "రేపటి సంది పిల్ల మా ఊరి దిక్కే ఉర్కుతది. ఎవరన్న అడిగితే అత్తకు పానం బాగలేదని చెప్పుమను. నేను మంచంల పండుకుంట. నీ ఇజ్జత్ ఎటూ పోదు!"

అలా పందెం దాకా మాకు ఒకటే తొవ్వ మిగిలింది. నడుమ ఊళ్లవాళ్లు అత్తకెట్లున్నదని అడిగి, జామపండ్లు నా సైకిల్‌కు కట్టి పంపేవారు. మంచం పట్టిన అత్త అవి తిని ఏనుగంత అయింది. అక్క పందెం పూర్తిచేసింది. ఆఖరి గీత దగ్గర బాపు తలరుమాలు తీసి ఊపుతూ, పట్నమంతా వినబడేలా "నా బిడ్డ!" అని అరిచాడు.

ఇప్పుడు ఆ తొవ్వలో చేలు ప్లాట్లయ్యాయి. ఆడపిల్ల పరుగెత్తితే ఎవరూ గుండెలు బాదుకోరు, అందుకు సంతోషమే. కానీ ఎవరికేమైందోనని చేట విసిరేసి లేచే మనిషి కూడా కనబడదు. కుక్కలనూ మత్తడినీ బస్సులనూ నేను కాస్త సాగదీశాను, అంతే. పూర్తిగా కల్పించింది మాత్రం ఆఖరి గీత దగ్గరి బాపును. ఆయన పట్నం రానేలేదు. మేము ఇల్లు చేరేసరికి, ఎన్నడూ పొయ్యి ముట్టించి ఎరుగని ఆ మనిషి, వేడినీళ్ల బకెట్ ముందు పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉన్నాడు.

"కాళ్లు పెట్టు బిడ్డా" అన్నాడు.