ఆకుపచ్చ సిరా, యూసుఫ్ భాయ్ కుర్చీ

మండల ఆఫీసు వరండాలో ఒక్క పూట కూర్చుని, పదకొండు మంది పని చెడగొట్టి, పన్నెండోదిగా నా పని కూడా చెడగొట్టుకున్న ఘనత నాది. మీలో ఎవరికైనా ఇంతకంటే పెద్ద ఘనత ఉంటే చెప్పండి, పక్కకు తప్పుకుంటాను. లేకపోతే వినండి.

మా తాత శంషాబాద్ పక్కన ఒక ఊరికి పటేలు. నేను పుట్టేనాటికి పటేలుగిరీ పోయింది, భూములు పోయాయి, ఇంటి పైకప్పు కూడా పోయింది. మిగిలినవి రెండు: తాత పెన్ను, నిటారు వెన్ను. వెన్ను మా వంశంలో అందరికీ వస్తుంది. ఇస్త్రీ బల్ల మింగినట్టు నడుస్తాం. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా, ఎవరైనా “దయచేయండి” అంటే తప్ప కూర్చోం. ఎవరూ అనరు కనుక అఫ్జల్‌గంజ్ దాకా నిలబడే వెళతాం.

పోయిన అధికారాన్ని తిరిగి తేవడానికి నేను దూరవిద్యలో ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో చేరాను. 2012 నాటికి పరీక్షలన్నీ రాసేశాను. ఫలితాలు రాకముందే పేరు పక్కన ‘ఎం.ఏ.’ అని కార్డులు అచ్చు వేయించి చుట్టాలందరికీ పంచాను. ఇక మిగిలింది ప్రాజెక్టు రిపోర్టు ఒక్కటే. పేరు ‘మండల కార్యాలయంలో అర్జీల పరిష్కారం’. దాని మీద తహసీల్దారు సంతకం చేయించి, ఆ సోమవారం సాయంత్రం ఐదింటిలోగా స్టడీ సెంటర్‌లో ఇవ్వాలి. లేకపోతే ఏడాది పోతుంది. అంతకంటే ఘోరం, పంచిన కార్డులను ఇల్లిల్లూ తిరిగి వెనక్కి తీసుకోవాలి.

సోమవారం అర్జీల రోజు. లైను గేటు దాకా ఉంది. అటెండర్ నర్సింలు నన్ను చూసి, “లైన్ల నిలబడు అన్నా” అన్నాడు.

“మా ఇంట్లో లైన్లో నిలబడ్డవాళ్లు లేరు.”

“మరి రేషన్ ఎట్ల తెచ్చుకుంటరే?”

నేను లైను పక్కనుంచి ముందుకు నడిచాను. వరండా చివర ఒక బల్ల, దాని వెనక మెత్త వేసిన కుర్చీ, బల్ల మీద తెల్ల కాగితాల కట్ట, వేలిముద్రల సిరాపెట్టె కనిపించాయి. ఆఫీసువాళ్లకు ఇంకా మర్యాద తెలుసనుకుని కూర్చున్నాను.

రెండు నిమిషాలు కాకముందే ఒక ముసలమ్మ వచ్చి దండం పెట్టింది. నా రక్తం పొంగింది. ఇన్నేళ్ల తర్వాత కూడా జనం తాత పోలిక పట్టారు! అది అర్జీలు రాసిచ్చే మనిషి కుర్చీ అని మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. మీరు నాలాగా ఎం.ఏ. చదవలేదు, అందుకే తెలిసింది.

“ఏమ్మా, ఏమిటి నీ కష్టం?” అన్నాను, తాత గొంతు తెచ్చుకుని.

“నా పేరు సత్తెమ్మ, బిడ్డా. మాది తొండుపల్లి. మూడు నెలలాయె, పింఛన్ వస్తలేదు. జర కాగితం రాయి, నీకు...”

నెత్తి మీద విమానం వెళ్లింది. మా వైపు విమానం వెళ్లేటప్పుడు అందరూ మాట ఆపి, అది పోయాక ఆపిన చోటు నుంచే అందుకుంటారు.

“...పుణ్యముంటది.”

తాత పెన్ను తీశాను. అందులో ఆకుపచ్చ సిరా. పెద్ద ఆఫీసర్లు మాత్రమే ఆ సిరాతో సంతకం పెడతారని తెలిసే పోశాను. కాబోయే ఆఫీసరుకు అలవాటు ఉండాలి కదా! “ఈమెకు పింఛను వెంటనే ఇవ్వవలెను. జాప్యం సహించము” అని రాసి, సగం కాగితం నిండేలా నా సంతకం చేశాను.

“వేలుముద్ర గిట్ల వెయ్యాల్నా?”

“అక్కర్లేదు. నా సంతకం చాలు.”

సత్తెమ్మ సంచిలోంచి రెండు సీతాఫలాలు తీసి బల్ల మీద పెట్టింది. నజరానా! ఇక లైను నా వైపు తిరిగింది. మధ్యాహ్నానికి పదకొండు హుకుంలు జారీ చేశాను. బల్ల మీద సొరకాయ, మొక్కజొన్న కంకులు, పండ్లు పేరుకున్నాయి. మా ఇంటి పైకప్పు మళ్లీ లేచినట్టే అనిపించింది.

అప్పుడే గొడుగు చంకలో పెట్టుకుని ఒక బక్కపలచని పెద్దాయన వచ్చాడు.

“భాయ్, జర లేస్తరా? గిది నా కుర్చీ.”

“మీదా?”

“ఇరవై ఏండ్లాయె ఈడ అర్జీలు రాయవట్టి. యూసుఫ్ అంటరు నన్ను. మీ కింద మెత్త మా బేగం కుట్టింది.”

మెత్త పెనంలా కాలింది. ఇంతలో లోపలినుంచి నర్సింలు కేక: “ఆకుపచ్చ సిరా సారు ఎవరుల్లా? మేడం పిలుస్తున్నరు!”

తహసీల్దారు మేడం కోస్తా నుంచి వచ్చిన మనిషి. కోపం వస్తే మర్యాద పెరుగుతుంది. ఎదుట పదకొండు కాగితాలూ పేకముక్కల్లా పరిచి ఉన్నాయి.

“ఇవి తమరు రాశారాండీ? తమరిది ఏ శాఖండీ?”

నేను నిటారుగా నిలబడి కార్డు అందించాను.

“జాప్యం సహించము అన్నారు. సహించనివారు మొత్తం ఎంతమందండీ?”

“నేనొక్కణ్ణే.”

తలుపు దగ్గర నర్సింలు దగ్గినట్టు నవ్వాడు.

“సత్తెమ్మ గారి కాగితంలో ఆవిడ పేరు లేదు, ఊరు లేదు, వేలిముద్ర లేదు. ఉన్నది మీ సంతకం ఒక్కటే. దీని ప్రకారం పింఛను మీకే ఇవ్వాలి. మీ వయసెంతండీ?”

“ఇరవై ఏడు.”

“అయితే ఇంకా ముప్పై ఎనిమిదేళ్లు ఆగండి.”

తెలివైనవాడు ఆ క్షణంలో బయటికి నడుస్తాడు. నేను ప్రాజెక్టు రిపోర్టు ముందుకు జరిపి, “ఇందులో ఒక చిన్న సంతకం...” అన్నాను.

ఆవిడ ‘అర్జీల పరిష్కారం’ అన్న పేరు చదివి, రిపోర్టుతోనే ముఖం కప్పుకున్నారు. భుజాలు మాత్రం చాలాసేపు కదిలాయి. చివరికి, “పదకొండూ మళ్లీ రాసి తీసుకురండి. యూసుఫ్ గారు బాగుందంటే సంతకం పెడతాను” అన్నారు.

టైము రెండున్నర. కుర్చీలో యూసుఫ్ భాయ్. రెండో కుర్చీ లేదు. నేను బల్ల మీదికి వంగి రాయాలి. మా వంశంలో తొలిసారి ఒక వెన్ను వంగింది. చప్పుడు కూడా వినిపించింది.

“దయచేసి అని రాయుండ్రి.”

“మా ఇంట్లో ఆ మాట...”

“ఇగ నేర్చుకోండ్రి. ముందుగాల ఆమె పేరు, ఊరు మంచిగ రాయాలె. మన పేరు యాడా ఉండొద్దు. ఇరవై ఏండ్లల ఒక్క కాగితం మీద నా పేరు లేదు భాయ్.”

అతను మామూలుగానే అన్నాడు. నేను మాత్రం పదకొండింటి మీదా ‘దయచేసి’ అని రాశాను. సత్తెమ్మ బల్ల మీది సీతాఫలాలు రెండూ తీసి యూసుఫ్ భాయ్ ముందు పెట్టింది. నా ముఖం చూసి జాలిపడి, ఒకటి మళ్లీ నా వైపు జరిపింది.

“కొత్తోనివి కద బిడ్డా, గట్లనే అయితది. భాయ్ కాడ నాలుగు దినాలుండు, పని వస్తది.”

నాలుగింటికి మేడం సంతకం పెట్టారు, ఆకుపచ్చ సిరాతో. ఐదుకు రెండు నిమిషాల ముందు, ఒక చేతిలో రిపోర్టు, ఇంకో చేతిలో సీతాఫలంతో స్టడీ సెంటర్‌లోకి దూకాను. కార్డులు దక్కాయి. మరుసటి నెల సత్తెమ్మకు పింఛనూ వచ్చింది.

కావున పాఠకులకు విన్నవించుకొనునది ఏమనగా: ఎవరిదో అడగకుండా ఇక ఏ కుర్చీలోనూ కూర్చోను. ఆకుపచ్చ సిరా ముట్టను. ఇదంతా నీలి సిరాతో, నిలబడే రాశాను. దయచేసి నమ్మగలరు. కింద నా పేరు లేదేమని అడగకండి. యూసుఫ్ భాయ్ వద్దన్నాడు.