బావ చెవితో కొన్న బండి

మా ఎర్ర కారెక్కిన వాళ్ళెవరైనా దీన్ని ఎక్కడ కొన్నావని అడిగితే నా దగ్గర నాలుగు కథలు సిద్ధంగా ఉంటాయి. ఒక దాంట్లో అది ఓ గ్రీకు ఓడ కెప్టెన్‌ది. హార్బర్లో దిగినవాడు సింహాచలం కొండెక్కి, అక్కడే సన్యాసం పుచ్చుకుని, తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఇంకో దాంట్లో పేకాటలో గెలిచాను. అయిదో కథ కూడా ఒకటుంది. అది నిజంగా జరిగింది కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

నేను కోతలరాయుణ్ణని దువ్వాడ స్టేషను బయటి టీ కొట్టులో అందరికీ తెలుసు. సాయంత్రం నేను బెంచీ మీద కూర్చుంటే, వెళ్ళిపోబోతున్న వాళ్ళు కూడా ఇంకో టీ చెబుతారు. ఓడ కూత వేస్తే మా నాన్న స్కూటరు దానంతటదే హారన్ కొట్టి బదులు చెప్పేదని అక్కడే చెప్పాను. ఘాట్ రోడ్డు మొత్తం రివర్సు గేర్లో దిగానని చెప్పిందీ అక్కడే. బెంచీ చివర బావ కూర్చునేవాడు. మాకు చుట్టరికమేమీ లేదు. గాజువాకలో అతనికో మెకానిక్ షెడ్డుండేది. నా మొదటి మోపెడ్ దగ్గర్నుంచి నా బళ్ళన్నీ అతని చేతుల్లోనే బతికాయి. జనం లేచి వెళ్ళాక నా వైపు జరిగి, గొంతు తగ్గించి అడిగేవాడు.

"ఇందల నిజమెంతేటి బావా?"

"స్కూటరొకటి ఉండీది. మిగతాదంతా నాదే" అనేవాణ్ణి.

ఇరవై ఏళ్ళుగా ప్రతి కథకీ అదే ప్రశ్న. నా జవాబు ఎప్పుడూ నిజమే. ఊరందరికీ అంత ధీమాగా కోతలు కోయగలిగానంటే, ఒక్క మనిషి దగ్గర నిజం భద్రంగా ఉందన్న ధైర్యంతోనే.

పోయినేడు పాత కారు కొందామనుకున్నాం. ఎలమంచిలి నుంచి రెండు బియ్యం బస్తాలు, మోకాళ్ళ నొప్పుల మా అత్తగారు ఒకేసారి పట్టాలన్నది మా ఆవిడ షరతు. పైకప్పుకి అద్దం ఉండి అది తెరుచుకోవాలన్నది నాది. ఈ ఎండలో, ఈ దుమ్ములో అదెందుకని ఆవిడ అడిగింది. సరదాకి, అన్నాను. బావ షరతు ఒక్కటే: నడిరోడ్డు మీద మనల్ని ఒగ్గీకూడదు, వదిలేసి ఆగిపోకూడదు.

బావ ఏ బండికీ రంగు చూడడు. తలుపు రబ్బరు కాస్త ఊడదీసి లోపల వేలు పెట్టి గీస్తాడు. వేలికి నల్లటి బొగ్గు పొడి దట్టంగా అంటితే అది పోర్టు వైపు ఏళ్ళ తరబడి ఆరుబయట నిలబడ్డ బండి. కింద పడుకుని గోటితో గీకుతాడు. పొరలు పొరలుగా రాలితే సముద్రపు గాలి తిన్న బండి. నీళ్ళలో మునిగిన బండేమోనని డిక్కీలో చాప ఎత్తి వాసన చూస్తాడు. చివరికి ఇంజను స్టార్ట్ చేయించి, పొడవాటి స్క్రూడ్రైవరు మొన దానికి ఆనించి, చెక్క పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. ఒకప్పుడు ఆ చెవి కోసం అనకాపల్లి నుంచి కూడా బళ్ళొచ్చేవి.

ఆ చెవి పోతోందని నాకు అప్పటికే రెండేళ్ళుగా తెలుసు. ఇంజన్ల పక్కన, రేకుల మీద పడే సుత్తుల మధ్య ముప్పై ఏళ్ళు గడిపాడు. వెనక లారీ హారన్ కొట్టినా తిరిగేవాడు కాదు. నా కథలు వింటున్నప్పుడు నా పెదాల వైపే చూడ్డం మొదలుపెట్టాడు. వయసైపోయిందని చెప్పి షెడ్డు మూసేశాడు. అతను బయటపడలేదు, నేను అడగలేదు.

అయిదు ఆదివారాలు తిరిగి అయిదు బళ్ళూ వద్దన్నాం. ఆరో ఆదివారం హైవే పక్కన పాత కార్లు అమ్మే చోట ఈ ఎర్ర బండి కనబడింది. వేలికి దుమ్ము అంటలేదు, గోటికి తుప్పు రాలలేదు. పైకప్పు అద్దం మీట నొక్కగానే తెరుచుకుంది. బావ మా అత్తగారిలా నడుం పట్టుకుని, మూలుగుతూ వెనక సీట్లోకి ఎక్కి, మూలుగుతూ దిగి, "పెద్దమ్మ సుకంగా కూసుంటాది" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఆ రోజుల్లో నేను మనస్ఫూర్తిగా నవ్విన చివరి నవ్వు అదే.

తర్వాత స్క్రూడ్రైవరు తీశాడు. అక్కడి పనివాళ్ళు ఇద్దరు అతన్ని గుర్తుపట్టి దగ్గరికొచ్చారు. అమ్మేవాడు ఇంజను రేజ్ చేశాడు. రెండు బారల దూరంలో ఉన్న నాకే ఇంజను అడుగు నుంచి టక్, టక్ అని స్పష్టంగా వినిపించింది. అమ్మేవాడు నేల చూపులు చూశాడు. పనివాళ్ళలో ఒకడు ఇంకొకణ్ణి మోచేత్తో పొడిచాడు. బావ కళ్ళు తెరిచి, ఇంజను శుభ్రంగా ఉందని అందరికీ వినబడేలా చెప్పాడు. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని బండి వెనక్కి తీసుకెళ్ళాడు.

"నీకెలాగుంది బావా?"

ఆ ఇద్దరూ ఇంకా నవ్వు ఆపుకుంటూనే ఉన్నారు. "వీణ లాగుంది" అన్నాను.

నా పెదాల మీంచి చూపు తిప్పలేదు. "ఇందల నిజమెంత?"

"అంతా నిజమే బావా."

భుజం తట్టాడు. బండి కొనేశాం.

పూజ చేయిద్దామని మర్నాడు సింహాచలం బయల్దేరాం. బావ ముందు సీట్లో, మా ఆవిడ వెనక, టైర్ల కింద పెట్టాల్సిన నిమ్మకాయలు ఆవిడ ఒళ్ళో. కొండ ఎక్కుతుంటే బావ అరచెయ్యి గేరు రాడ్డు మీద పెట్టాడు. రెండో మలుపులో ఇంకా గట్టిగా అదిమాడు. మూడో మలుపులో చెప్పు విప్పి, అరికాలు కారు అడుగుకి ఆనించాడు.

"ఆపు బావా."

ఆపాను.

"కొట్టుకుంటంది. నిన్న కూడా కొట్టుకుందేటి?"

తలూపాను. వాళ్ళు నిన్ను చూసి నవ్వుతుంటే చెప్పలేకపోయానని, చివరికి గొణిగాను. మళ్ళీ చెప్పమన్నట్టు నా మొహం తన వైపు తిప్పుకున్నాడు. మళ్ళీ చెప్పాను.

"నా సెవి పోయిందని నాకు తెల్దనుకున్నావేటి? స్క్రూడ్రైవరు ఆళ్ళ కోసం ఎట్టేను బావా. ఇనడానికి నిన్ను తీసికెళ్ళేను."

కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పూజ చేయించాం. నిమ్మకాయలు తొక్కించాం. దిగేటప్పుడు దారంతా కిటికీలోంచి బయటికే చూశాడు.

వారం తిరక్కుండా తన పాత శిష్యుడి షెడ్డులో ఇంజను దింపించి, మూడు రోజులు పక్కనే నిలబడి బాగుచేయించాడు. ఇప్పుడీ బండికి వంక పెట్టడానికేమీ లేదు. బియ్యం బస్తాలు పడతాయి, అత్తగారు పడతారు, అద్దం తెరిస్తే ఆకాశం కనబడుతుంది. ఇంతవరకు ఒక్కసారి కూడా నడిరోడ్డు మీద ఒగ్గీలేదు.

బావ ఇప్పటికీ టీ కొట్టుకి వస్తాడు. బెంచీ చివరే కూర్చుంటాడు. మొన్న గ్రీకు కెప్టెన్ కథ చెప్పాను. నా పెదాల వైపే చూస్తూ అందరికంటే గట్టిగా నవ్వాడు. జనం లేచారు. నేను ఖాళీ గ్లాసు పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాను. అతనూ గ్లాసు కింద పెట్టి, లుంగీ దులుపుకుని, "ఒత్తాను బావా" అని వాళ్ళతోపాటే నడిచాడు.

"కెప్టెనెవడూ లేడు బావా, బండొక్కటే నిజం" అన్నాను.

అప్పటికే అటు తిరిగిపోయాడు. వినబడలేదు.